నూట ఏడు పాయింటు ఆరు

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు బీరయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా నలభై లీటర్ల పాలు కాచి దించాలి. తొమ్మిదిన్నరకు తోడు పెట్టాలి. సాయంత్రం నాలుగింటికి బస్తీ కమిటీ వాళ్ళు ట్రాలీ ఆటో తెచ్చి పెరుగు పట్టుకుపోతారు. ఈ మధ్యలో ఏ మనిషీ, ముఖ్యంగా భార్య శారదమ్మ, పాల దగ్గరికి రాకూడదు. మొదటి మూడూ నలభై అయిదేళ్ళుగా చేస్తున్న పనులే. నాలుగోదే కొత్త.

ఛత్రినాకలో బీరయ్య ఇంటి వెనక కొట్టంలో ఆరు బర్రెలున్నాయి. పాలు ఎవరి కొట్టంలోనైనా పాలే. బీరయ్యకు పేరొచ్చింది పెరుగుతో. గిన్నె తలకిందులు చేసినా కదలని పెరుగు అది. దాని కిటుకంతా బీరయ్య చేతిలో ఉందని బస్తీ నమ్మకం. కాచి దించిన పాలలో చిటికెన వేలు ముంచి, కళ్ళు మూసుకుని, మనసులో అయిదు లెక్కపెట్టి "ఆఁ, తే" అంటాడు. శారదమ్మ లోపల్నుంచి తోడు గిన్నె తెస్తుంది. అంతే. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళను ఆ అయిదు అంకెలూ చూసి నేర్చుకోమని అత్తలు పంపిన రోజులు కూడా ఉన్నాయి.

అయితే రెండేళ్ళుగా ఆ వేలు పనిచేయడం లేదు. ముందు చిటికెన వేలు మొద్దుబారింది, తర్వాత దాని పక్కది, ఆ తర్వాత అరచెయ్యి, చివరికి రెండో చెయ్యి కూడా. ఇప్పుడు పొయ్యి మీది పాలూ కుండలో నీళ్ళూ వాటికి ఒక్కటే. ఈ సంగతి బీరయ్య నరమానవుడికి కూడా చెప్పలేదు. వేలు ముంచడం, కళ్ళు మూసుకోవడం, అయిదు లెక్కపెట్టడం మాత్రం మానలేదు. ఇదివరకు లెక్కపెట్టేవాడు, ఇప్పుడు మొక్కుకునేవాడు. పెరుగు ఎలాగో తోడుకుంటూనే వచ్చింది. అమ్మవారి దయ అనుకున్నాడు.

ఈ నెలలో మాత్రం అమ్మవారికి రెండుసార్లు తీరిక లేకపోయింది. మొదటిసారి పాలు సాయంత్రం దాకా పాలుగానే ఉన్నాయి. రెండోసారి విరిగి, గడ్డలు ఒక పక్క, నీళ్ళు ఒక పక్క అయ్యాయి. బీరయ్య మొదటిదానికి మబ్బును, రెండోదానికి దాణాను తిట్టాడు. ఒకసారి ఉప్పుగూడలో చెల్లెలింటికనీ, ఇంకోసారి కళ్ళ పరీక్షకనీ శారదమ్మ ఊరిమీద పడితే ఇంట్లో దిష్టి తీసే దిక్కు లేకపోయిందని ఆమె మీద కూడా కొంచెం విసుక్కున్నాడు.

కొడుకు నందు ఫలక్‌నుమాలో ఒక వర్క్‌షాపులో పనిచేస్తాడు. మంచివాడు, అందుకే మెత్తగా చెప్పాడు. "బాపూ, నలభై అయిదేండ్లు చేసినవ్, సాలు. ఇగ ఇంకొక్కపారి పెరుగు ఖరాబైందంటే బర్లను అమ్మేద్దాం. నువ్ అమ్మ హాయిగ కూసోని తినుండ్రి."

కూర్చుని తినమన్న మాట బీరయ్యకు శిక్ష వేసినట్టు వినపడింది. బర్రెలు లేని కొట్టంలో పొద్దున నాలుగింటికి లేచి ఏం చెయ్యాలో అతని ఊహకు కూడా అందలేదు. ఇంతలో కమిటీ పెద్ద అంజన్న వచ్చి, బోనాలకు ముందురోజు సాయంత్రం పెరుగన్నం పంచడానికి నలభై లీటర్లు కావాలన్నాడు. కాదంటే అనుమానం వస్తుంది. సరేనన్నాడు. ఈ శనివారం పెరుగు తోడుకోకపోతే ఆరు బర్రెలూ పోతాయి, వాటితో పాటు బీరయ్య అనే పేరూ పోతుంది.

శారదమ్మతో చెప్పుకుందామా అంటే, ఆమెకూ రెండేళ్ళుగా మతిమరుపు మొదలైంది. "తే" అన్నాక తోడు గిన్నె వెతకడానికే ఒక్కోరోజు పావుగంట పడుతుంది. "గీడనే పెట్టిన, యాడ పోయిందో" అంటూ వంటింట్లో గిన్నెలన్నీ చప్పుడు చేస్తుంది. ఇంకోరోజు పాలలో నలుసు పడ్డట్టుందని మళ్ళీ పొయ్యి మీద పెడుతుంది. చాయ్‌లో చక్కెర వేయడం కూడా సగం మరిచిపోతోంది. బీరయ్య ఏనాడూ కసరలేదు. వయసు మీద పడింది పాపం అని జాలిపడి, తన వేలి సంగతి కూడా చెప్పి ఆమెను ఏడిపించడం దేనికని ఊరుకున్నాడు.

కిందటి వారం ఫలక్‌నుమాలో పాల కేంద్రానికి పోయినప్పుడు గోడమీద ఒక బోర్డు కనిపించింది. "పెరుగు తోడు వేయుటకు పాల వేడి 42° సెం." అని రాసుంది. నలభై రెండు పక్కనున్న చిన్న సున్నాను కలిపి నాలుగొందల ఇరవై అని చదవకపోవడానికి అతని అనుభవమే కారణం. తిరిగి వస్తూ ప్రేమ్‌రాజ్ మెడికల్ షాపులో "ఇంట్ల ఒకటుంటే మంచిది" అని జ్వరం చూసే అంకెల థర్మామీటరు కొన్నాడు. దేవుడి పటం వెనక దాచాడు.

ఆ శనివారం కొడుకూ కోడలూ పనులకు వెళ్ళాక బీరయ్య శారదమ్మను పిలిచాడు. "నిన్నటి సంది నడుం నొస్తున్నదంటివి గద. జర పండుకో పో. పాల సంగతి నేను చూసుకుంట."

నలభై అయిదేళ్ళ కాపురంలో పడుకొమ్మని అతను చెప్పడం అదే మొదటిసారి. శారదమ్మ భర్తను కాసేపు ఎగాదిగా చూసి, "సరే" అని లోపలికి వెళ్ళింది.

బీరయ్య పటం వెనకనుంచి థర్మామీటరు తీసి, కాచి దించిన పెద్ద గంజు పాత్రలోని పాలలో ముంచాడు. అద్దంలో ముందు చిన్న నిచ్చెన ముక్కలాంటి ఇంగ్లీషు అక్షరం వచ్చింది. పాలు బాగా వేడిగా ఉన్నప్పుడు అది అలాగే మొండికేస్తుందని అతనికి తెలీదు. తుడిచాడు, ఆగాడు, మళ్ళీ ముంచాడు. నాలుగోసారికి అంకెలు వచ్చాయి. నూట ఎనిమిది పాయింటు తొమ్మిది.

బోర్డు మీద నలభై రెండు. ఇక్కడ నూట తొమ్మిది. బీరయ్య అక్కడే ముక్కాలి పీట మీద కూర్చుని ఆలోచించాడు. మంచి మనిషికే తొంభై ఎనిమిది ఉంటుందని అతనికి తెలుసు. నలభై రెండంటే పీనుగ కూడా అంత చల్లబడదు. పాలేమో మనిషి ఒంటికంటే కొంచెం వేడిగా ఉండాలి. అంటే ఇవి రెండూ వేరువేరు లెక్కలై ఉండాలి. తన చిన్నతనంలో పాలు శేర్లలో పోసేవాళ్ళు, తర్వాత లీటర్లు వచ్చాయి, శేరుకెంత లీటరుకెంత అని బస్తీ అంతా ఒక ఏడాది కొట్లాడింది. వేడికి కూడా ఒక పాత శేరూ ఒక కొత్త లీటరూ ఉన్నాయన్నమాట. పెద్దగా చదువుకోని మనిషికి ఇంతవరకు తట్టడం గొప్పే. పాత లెక్కలో నలభై రెండు ఎంతో తెలిస్తే చాలు. గంజుల మీద తెల్లగుడ్డలు కప్పి, థర్మామీటరు జేబులో వేసుకుని, నాలుగు దుకాణాల అవతలున్న ప్రేమ్‌రాజ్ దగ్గరికి నడిచాడు.

ఇబ్బందల్లా ఒక్కటే. పాల గురించి అడిగితే గుట్టు రట్టవుతుంది. బీరయ్యకు పాలు కొలిచే యంత్రం ఎందుకని మొత్తం సందు ఆరా తీస్తుంది. అందుకని పాలను మనిషిగా మార్చి అడుగుదామని దారిలో నిశ్చయించుకున్నాడు.

"ప్రేమ్‌రాజ్ బిడ్డా, ఒక మనిషికి నలభై రెండు ఉన్నదనుకో. మన మిషన్ల ఎంత రావాలె?"

ప్రేమ్‌రాజ్ మందుల డబ్బాలు సర్దుతూనే చెప్పాడు. "అది సెల్సియస్ కాకా, మనది ఫారెన్‌హీట్. తొమ్మిదితోని గుణించి, అయిదుతోని భాగించి, ముప్పై రెండు కలపాలె."

"ముప్పై రెండు ఎందుకు కలుపుడు?"

"రూల్ గట్లుంది."

"మేం పాలల్ల గిలాసెడు నీళ్ళు కలిపితె లొల్లి లొల్లి చేస్తరు. వీళ్ళు లెక్కలనే ముప్పై రెండు కలిపిండ్రు, అడిగేటోడు లేడు."

ప్రేమ్‌రాజ్ నవ్వుతూ ఫోనులో లెక్క వేశాడు. వేశాక నవ్వు ఆగిపోయింది. "నూట ఏడు పాయింట్ ఆరు. గింత జ్వరం ఎవరికున్నది కాకా?"

"ఎవరికీ లేదు. ఉండాలె."

"ఉండాలెనా?"

"గంతకు దిగాలె అంటున్న. పొద్దుగాల సూస్తే నూట తొమ్మిదున్నది."

ప్రేమ్‌రాజ్ చేతిలోని డబ్బా కింద పడింది. "నూట తొమ్మిదా? మరి నువ్ గీడెందుకున్నవ్? ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవరుంటరు, మీ చిన్నమ్మ ఉన్నది. ఫికర్ చేయకు బిడ్డా, మీదికెల్లి బట్ట కప్పొచ్చిన. మెల్లగ సల్లబడుతది."

వెతుకుతున్న అంకె దొరికిన ఆనందంలో బీరయ్య ఎదుటివాడి ముఖం చూడలేదు. నూట ఏడు పాయింటు ఆరు, నూట ఏడు పాయింటు ఆరు అని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ప్రేమ్‌రాజ్ వెంటనే నందుకు ఫోను చేశాడు.

తలనొప్పి గోలీ కోసం వచ్చిన పక్కింటి కొమురమ్మ కౌంటరు పక్కనే నిలబడి ఇదంతా విన్నది. గోలీ మాట మరిచిపోయింది. మనిషికి నూట తొమ్మిది జ్వరమెప్పుడొస్తుంది? ఆషాఢమాసం. పక్క సందులో ఇద్దరికి ఒంటి నిండా పొక్కులొచ్చి వేపాకుల మీద పడుకున్నారు. కొమురమ్మకు అనుమానం అక్కర్లేకపోయింది. శారదమ్మకు అమ్మవారు పోసింది. మందుల దుకాణం నుంచి ఇంటికి పోయేలోగా ఆమె ఈ మాట అయిదుగురికి చెప్పింది, ఒక వేపకొమ్మ విరిచింది. ఆ అయిదుగురిలో ఒకరు కమిటీ పెద్ద అంజన్నకు ఫోను చేశారు.

అంజన్న అప్పటికే దారిలోని బోనాల పందిరి దగ్గర బీరయ్యను పట్టుకుని ఉన్నాడు. అంజన్న చేతికి చిక్కిన మనిషి పదిహేను నిమిషాలకు ముందు బయటపడిన దాఖలా లేదు. అన్నం గంగాళాలు ఎక్కడ పెట్టాలో, వరుస ఎటునుంచి నడవాలో, వానొస్తే ఏ తాడు లాగాలో వివరంగా చూపిస్తున్నాడు. బీరయ్య ఒక కాలు ఇంటివైపు పెట్టుకుని "ఊఁ" కొడుతున్నాడు. గంజుల్లో పాలు ఒక్కో డిగ్రీ దిగుతూంటే అతని గుండె కూడా దిగుతోంది. అప్పుడు ఫోను మోగింది. అంజన్న విన్నాడు, ముఖం మారిపోయింది, ఫోను జేబులో పెట్టి బీరయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"బీరయ్యన్నా, నాకు గిప్పుడే తెలిసింది."

బీరయ్య కుడిచేతిని పంచె మడతలో దాచుకున్నాడు. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తేంది. నిజమేనా?"

"నిజమే," అన్నాడు బీరయ్య. దాచీ దాచీ అలిసిపోయిన మనిషికి అడగ్గానే ఒప్పుకోవడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది.

"ఎప్పటి సంది?"

"మెల్లమెల్లగ షురువైంది. రెండేండ్లయితున్నది."

"రెండేండ్లా? గిన్ని దినాలు ఎవ్వలకు చెప్పలేదా? నందుకు గూడ?"

"నందుకు చెప్తే బర్లను అమ్మేస్తడు. పెరుగు బందయితది."

అంజన్న భుజం మీదినుంచి చెయ్యి తీసేశాడు. ముప్పై ఏళ్ళుగా అతను బీరయ్యను దేవుడిలాంటి మనిషనే అనుకున్నాడు. "పెరుగు కోసం దాచిపెట్టినవా అన్నా?"

"ఇంకేమున్నది అంజన్నా నా దగ్గర. పేరొక్కటే గద."

అంజన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. "నువ్ పెరుగు మాట ఇడిసిపెట్టు. మేం ఇంకోకాడికెల్లి తెప్పించుకుంటం. ఇంటికి పో, ఆమె దగ్గర ఉండు," అన్నాడు.

బీరయ్యకు చివరి మాట వినపడలేదు. ఇంకోకాడ అన్నదగ్గరే అతని చెవులు మూసుకుపోయాయి. ఇన్నేళ్ళలో ఆ బస్తీలో ఇంకోకాడ అన్న మాట ఎవరూ అనలేదు. ఇంటిదారి ఎప్పుడూ లేనంత పొడుగ్గా కనిపించింది. అయినా నలభై లీటర్ల పాలు తనకోసం ఎదురుచూస్తున్నాయి. ఎవరు తిన్నా తినకపోయినా వాటికి తోడు వేయాలి కదా అనుకుంటూ నడిచాడు.

సందు తిరగగానే గడపకు వేపమండలు కనిపించాయి. గేటు ముందు ఆటో, దానిపక్కన నందు బండి అడ్డంగా పడేసి ఉంది. వాకిట్లో పదిమంది. లోపల మంచం మీద శారదమ్మను కొమురమ్మ గట్టిగా అదిమిపెట్టి పడుకోబెట్టింది. నుదుటి మీద తడిగుడ్డ, చుట్టూ వేపాకులు. ఒకామె వేపమండతో విసురుతోంది. నందు హెల్మెట్ కూడా తియ్యకుండా తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు.

"నాకేమైందే, నన్ను లెవ్వనియ్యి," అంటోంది శారదమ్మ.

"నీకు తెల్వదక్కా. మీదికి గట్లనే ఉంటది," అంటోంది కొమురమ్మ.

షాపు మూసి ఆటో తెచ్చిన ప్రేమ్‌రాజ్ తన థర్మామీటరు తీసి చూశాడు. తొంభై ఎనిమిది పాయింటు రెండు. అతను దాన్ని ఒకసారి విదిలించి, ఈ కంపెనీ సరుకు ఇక తెప్పించకూడదనుకున్నాడు.

వేపమండలూ, ఆటో, మంచం మీద భార్య, ఇవి చూశాక బీరయ్యకు పాలు గుర్తులేవు. పెరుగూ గుర్తులేదు. పొద్దున నడుం నొప్పి అన్న మనిషిని పడుకోమని చెప్పి, తలుపు దగ్గరగా వేసి, తాను ఒక అంకె వెంట ఊరేగాడు. మనుషులను తోసుకుంటూ వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుని, తడిగుడ్డ తీసి, కుడి అరచెయ్యి ఆమె నుదుటి మీద పెట్టాడు. ఏమీ తెలియలేదు. చెయ్యి తిప్పి పెట్టాడు. మళ్ళీ పెట్టాడు.

"శారదా," అన్నాడు. "నీ ఒళ్ళు కాలుతున్నదో సల్లగున్నదో నాకు తెలుస్తలేదు."

బీరయ్య కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. శారదమ్మ అతని చేతిమీద తన చెయ్యి వేసింది.

"ఎంతున్నది బిడ్డా?" ప్రేమ్‌రాజ్‌ను అడిగాడు.

"నువ్వే చెప్పినవ్ గద కాకా. పొద్దుగాల నూట తొమ్మిది అని."

బీరయ్య అతనివంక అర్థం కానట్టు చూశాడు. తర్వాత కొమురమ్మ వంక, వేపాకుల వంక, హెల్మెట్‌లో ఏడుస్తున్న కొడుకు వంక చూశాడు. "అది ఈమెది కాదు," అన్నాడు మెల్లగా. "పాలది."

వేపమండతో విసురుతున్నామె చెయ్యి గాలిలోనే ఆగింది.

"పాలకు జ్వరం మిషన్ ఎందుకు బావా," అంది కొమురమ్మ, "నీ చెయ్యుండంగ?"

అప్పుడు బీరయ్య చెప్పేశాడు. వేళ్ళు మొద్దుబారిన సంగతి, రెండేళ్ళుగా ఉత్తుత్తిగా కళ్ళు మూసుకుంటున్న సంగతి, బోర్డు సంగతి, పాలను మనిషిని చేసి అడిగిన సంగతి. చెబుతుండగానే గోడ గడియారం మీద చూపు పడింది. పదీ ముప్పై అయిదు. పాలు ఈపాటికి చల్లారి నీళ్ళైపోయి ఉంటాయి. ఇక తోడు పెట్టినా సాయంత్రానికి పేరుకోవు. అంజన్న ఎలాగూ వద్దన్నాడు.

"నందూ, నీ మాటనే కానీ. బర్లను అమ్మేద్దాం," అన్నాడు.

నందు హెల్మెట్ తీశాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంది అమ్మేది?" శారదమ్మ కొమురమ్మ చేతులు విదిలించుకుని లేచి కూర్చుంది. జుట్టులోంచి వేపాకులు దులుపుకుంది. "పాలు తోడు పెట్టి గంటాయె."

బీరయ్య నోరు తెరిచాడు.

"నువ్ షాపుకు అట్ల పోయినవ్, నేను గంజుల కాడికి ఇట్ల పోయిన. జర సేపు ఆగిన, వేలు పెట్టి సూసిన, తోడేసిన, మూతలు పెట్టొచ్చి నడుం వాల్చిన. గిది పరుగు పెట్టుకుంట వచ్చి నన్ను పట్టుకున్నది."

"నువ్ వేలు పెట్టినవా?"

"ఇయ్యాల ఒక్కనాడా? రెండేండ్ల సంది నేనే పెడుతున్న." ఆమె గొంతులో కోపం లేదు, దాచుకున్న మాట బయటపడుతోందన్న చిన్న సిగ్గు మాత్రం ఉంది. "గా కార్తీకంల పొయ్యి మీదికెల్లి దించిన చాయ్ గిలాస ఉత్త చేతులతోని పట్టుకోని, అర్ధగంట ముచ్చట చెప్పినవ్. నాకు గప్పుడే సమజైంది. నువ్ పాలల్ల వేలు పెట్టి 'తే' అంటవ్. నేను వచ్చి సూస్తే కాలుతుంటయ్. తోడు గిన్నె దొరుకతలేదని చెప్పి సల్లారేదాక గిన్నెలు సప్పుడు చేసుకుంట నిలబడుత. మరీ సల్లగుంటే నలుసు పడ్డదని మళ్ళ పొయ్యి మీద పెడుత. నేను ఇంట్ల లేని రెండు దినాలే నీ పెరుగు ఖరాబైంది."

రెండేళ్ళుగా తాను జాలిపడుతూ వచ్చిన మతిమరుపు బీరయ్యకు ఒక్కొక్క రోజుగా గుర్తుకొచ్చింది. వంటింటి చప్పుళ్ళన్నీ ఒక్కసారి వినపడ్డాయి. "చాయ్‌ల చక్కెర?" అన్నాడు.

"అది గూడ నేనే తగ్గించిన. మా తమ్మునికి గిట్లనే చక్కెర బీమారితోని పాదాలు మొద్దుబారినయ్. దవాఖానకు రమ్మంటే వస్తివా, ఎందుకంటవ్, మొత్తం చెప్పాలె."

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్ పాల దగ్గరికి పోవుడు బంద్ చేస్తవ్. అంతకంటే నాకు తోడు గిన్నె దొరుకకుండుడే మంచిదనిపించింది." పటం వైపు చూపిస్తూ, "ఇగ గా మిషన్ దేవుని పటం ఎనక దాచిపెడితివి. రోజు దీపం పెట్టేది ఎవరయ్యా?" అంది.

బీరయ్య తల వంచుకున్నాడు. కొమురమ్మ చీరచెంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ ఏడుపులోనే వేపమండలు తీసుకుపోయి బర్రెలకు దోమల పొగ వేసింది. ఇంత వేపాకు వృథా కావడం ఆమెకు ఇష్టం లేకపోయింది. ప్రేమ్‌రాజ్ సంచీలోంచి చక్కెర చూసే యంత్రం తీసి బీరయ్య వేలికి సూది గుచ్చాడు. గుచ్చినట్టు బీరయ్యకు తెలియలేదు. అంకె చూశాక నొప్పి ప్రేమ్‌రాజ్ ముఖంలో కనిపించింది. వచ్చిన ఆటో ఎలాగూ వచ్చిందని, శారదమ్మకు బదులు బీరయ్యను ఎక్కించుకుని దవాఖానకు పోయింది. పక్కన శారదమ్మ కూర్చుంది. వెనక నందు బండి మీద వచ్చాడు.

మధ్యాహ్నానికి మందుల కాగితంతో ముగ్గురూ తిరిగి వచ్చేసరికి అంజన్న గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. కొమురమ్మ దయవల్ల అతనికి సంగతంతా తెలిసింది. లేచి నిలబడి చెవి పట్టుకున్నాడు. "నిన్ను మస్తు గలత్ అనుకున్న అన్నా. ఇంకోకాడ అంటే యాడ అడుగుత, ఒక్కలిని అడిగితె ఒట్టు. పెరుగు అయ్యిందా వదినె?"

శారదమ్మ గంజు మీద మూత తీసి, పక్కకు వంచి చూపించింది. పెరుగు కదలలేదు. నందు వంగి చాలాసేపు ఆ పెరుగునే చూశాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళి, ఎవరూ అడగకుండానే బర్రెలకు గడ్డి వేశాడు. బర్రెల అమ్మకం మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

సాయంత్రం పందిట్లో పెరుగన్నం తిన్న ప్రతివాడూ బీరయ్య చెయ్యే చెయ్యి అన్నాడు. బీరయ్య ఇదివరకులా మీసం మీద చెయ్యి వేసుకోలేదు. ఆడవాళ్ళ వరుసలో వడ్డిస్తున్న శారదమ్మ వైపు చూపించి, "చెయ్యి గాడున్నది" అన్నాడు. అందరూ అతను భార్యతో పరాచికాలాడుతున్నాడనుకుని నవ్వారు.

సోమవారం పొద్దున గంజు దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఈసారి వేలు శారదమ్మ ముంచింది. ఆమె కళ్ళు మూసుకోలేదు, లెక్క పెట్టలేదు. "ఆఁ, తే" అంది. బీరయ్య లోపలికి వెళ్ళి, మొదటిసారే దొరికిన తోడు గిన్నె తెచ్చాడు. ఆమె తోడు వేసి, మూత కోసం అటు తిరిగినప్పుడు, అతను జేబులోంచి థర్మామీటరు తీసి చటుక్కున పాలలో ముంచి చూశాడు. నూట ఏడు పాయింటు రెండు.

పది గంటలకు బీరయ్య ప్రేమ్‌రాజ్ షాపుకు వెళ్ళి థర్మామీటరు కౌంటరు మీద పెట్టాడు.

"ఏమైంది కాకా, పనిచేస్తలేదా?"

"చేస్తున్నది గాని, పాయింట్ నాలుగు తప్పు చూపిస్తున్నది బిడ్డా. మీ చిన్నమ్మ వేలితోని సరి చూసిన."